ప్రభువుగారు ఆలోచిస్తున్నారు

1661, జూన్ 4

పెద్ద ప్రభువు పోయారు. వేట నుంచి చెమటలు కక్కుతూ వచ్చి, గుర్రం దిగీ దిగకముందే నేలమాళిగలోంచి చల్లటి బీరు తెప్పించుకుని మూడు కూజాలు పట్టించారు. మూడో రోజుకి మనిషి లేరు. వైద్యుడు హేగెలిన్ ఆ జబ్బుకి లాటిన్‌లో ఏదో పేరు చెప్పాడు. నాకు మాత్రం బీరనే అర్థమైంది.

కాబట్టి ఇవాళ ఉదయం పది గంటల నుంచీ ఓట్టెర్‌రోడా సంస్థానానికి ప్రభువు లూడోల్ఫ్. వయసు ఐదేళ్ళ మూడు నెలలు. ఆ సంగతి విన్నవించడానికి చాన్సలర్ స్ట్రోమాయర్ గారు గదిలోకి వచ్చేసరికి కొత్త ప్రభువు బల్ల కింద ఉన్నారు. బయటికి రానన్నారు. చాన్సలర్ గారు కీళ్ళవాతం మనిషి, అయినా పాపం తనే బల్ల కిందికి దూరి, అక్కడే రాజ్యం అప్పగించి, ఇద్దరు నౌకర్లు కాళ్ళు పట్టి లాగితే బయటికి వచ్చారు.

తల్లి కాన్పులోనే పోయింది. పుట్టిన రోజు నుంచీ పెంచింది నేను. పాస్టరు భార్యని, పైగా విధవని, చదువొచ్చినదాన్ని, నోరు తప్ప వేరే అవలక్షణం లేనిదాన్ని అని అప్పట్లో నన్ను పెట్టుకున్నారు. నేను ఇది రాస్తున్న పంచాంగంలో ఎడమ పేజీలో తేదీలు, కుడి పేజీ ఖాళీ. వాన, పంట సంగతులు రాసుకోవడానికట. నాకు పొలమా పుట్రా? ఉన్న పంటల్లా వీడొక్కడే.

ఇక మీదట వాడు, వీడు అని రాయకూడదు. ఆయన అనాలి. రాత్రి ఆయన పక్క తడిపారు.

జూన్ 11

మొదటి కొలువు. నన్ను కుర్చీ వెనకాల నిలబెట్టారు, ప్రభువుగారి ముక్కు తుడవడానికి.

ప్రభువు కూర్చునేదాకా ఎవరూ కూర్చోకూడదన్నది ఇక్కడి ఆచారం. ఆయన నిలబడే ఉన్నారు.

"ప్రభూ, తమరు కూర్చుంటే మేమూ కూర్చుంటాం," అన్నారు చాన్సలర్ గారు.

"నేను కూర్చోకపోతే?"

"మేమూ కూర్చోం ప్రభూ."

"ఎంతసేపు?"

చాన్సలర్ గారు నిజాయితీపరుడు. అదే ఆయన కొంప ముంచింది. "తమరు కూర్చునేదాకా," అన్నారు.

గంటా పావు. పది మంది పెద్దమనుషులు, అందరివీ కలిపితే ఆరువందల ఏళ్ళుంటాయి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ నిలబడ్డారు. ప్రభువుగారు ఒక్కొక్కరి ముఖం శ్రద్ధగా చూశారు. చివరికి నేను వంగి, "బాబూ, పాస్‌కి వెళ్ళాలా?" అని చెవిలో అడిగితే అవునన్నారు. కొలువు ముగిసింది. ఒక్క పని జరగలేదు గానీ, చాన్సలర్ గారి కాలు మాత్రం వాచింది.

జూన్ 23

చాన్సలర్ గారి టోపీ బాతుల దొడ్లో దొరికింది. బాతు అందులో పొదుగుతోంది.

ఇదివరకైతే రెండు అంటించేదాన్ని. ఇప్పుడు ప్రభువు ఒంటి మీద చెయ్యి వేస్తే రాజద్రోహం, తల తీస్తారు. అలాగని వదిలేస్తే సంస్థానంలో టోపీ మిగలదు. కొలువులో రెండు గంటలు చర్చించి తేల్చిందేమిటంటే, ప్రభువుని కొట్టాలంటే ప్రభువే రాతపూర్వకంగా అనుమతివ్వాలి. గుమాస్తా తోబియాస్ పత్రం రాసుకొచ్చాడు. నేను చదివి వినిపించాను.

"ఎన్ని?" అన్నారు ప్రభువుగారు.

"రెండు."

"ఒకటి."

"టోపీలో గుడ్లు కూడా ఉన్నాయి బాబూ. రెండు."

"ఒకటి. మెల్లగా."

తోబియాస్ 'ఒకటి, మెల్లగా' అని దిద్దాడు. ప్రభువుగారు కింద 'ఎల్' అక్షరం గీశారు, అదీ తలకిందులుగా. మైనం కరిగించి ముద్ర వేశారు. ఆ తర్వాత చట్టప్రకారం వంగారు. నేనూ చట్టప్రకారం ఒకటి వేశాను.

జూలై 12

ఇవాళ అర్జీలు. ఒక ముసలమ్మ వచ్చింది. తన కుక్క వేటగాళ్ళ నాయకుడి పిక్క పట్టుకుందట. కుక్కని ఉరి తీయాలని అతగాడి వాదన.

చాన్సలర్ గారు ముందే నేర్పించారు. "ఏం అడిగినా 'ఆలోచించి చెబుతాం' అనండి ప్రభూ. అంతే చాలు. జనం వెళ్ళిపోతారు."

ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట మీదే ఈ సంస్థానం నడుస్తోంది. 'ఆలోచించి చెబుతాం' అంటే 'ఇంక రాకు' అని అర్థమన్న సంగతి ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. ప్రభువుగారికి తెలీదు. ఆయన ఆ మాట గంభీరంగా అన్నారు. తర్వాత రోజంతా నిజంగానే ఆలోచించారు. గంజి తాగుతూ ఆలోచించారు. స్నానంలో కూడా ఆలోచించారు.

జూలై 13

పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ, "ముసలమ్మని పిలిపించు," అన్నారు.

"ఎందుకు బాబూ?"

"చెబుతానన్నాగా."

పిలిపించక తప్పలేదు. వేటగాళ్ళ నాయకుణ్ణి కూడా పిలిపించారు. "ఆయన మంచివాడని కుక్కకి ఎవరైనా చెప్పారా?" అని అడిగారు. లేదంది ముసలమ్మ. "అయితే కుక్క తప్పు లేదు. ఇవాళ చెప్పండి," అని తీర్పు. వేటగాళ్ళ నాయకుడు కుక్క ముందు నిలబడితే, ఈయన మంచివాడని ముసలమ్మ దానికి చెప్పింది. కుక్కకి పెద్దగా నమ్మకం కుదిరినట్టు లేదు.

చాన్సలర్ గారు తల పట్టుకున్నారు. "మర్నాడే తీర్పు చెప్పేస్తే ఎలాగమ్మా? రేపట్నుంచి ఊరు ఊరంతా వస్తుంది."

నిజమే, వస్తోంది.

ఆగస్టు 2

ముందు పన్ను ఊడింది. ఖజానాలో పెట్టమన్నారు. కొలువు వారు పెట్టారు, రసీదు కూడా ఇచ్చారు.

ఆగస్టు 22

పెద్ద ప్రభువు తమ్ముడు, కాసిమిర్ బాబాయి దగ్గర్నుంచి ఉత్తరం. దాని మీద ఆగస్టు 30 అని ఉంది. రాబోయే వారం రాసిన ఉత్తరం ఇవాళే అందడం మా సంస్థానంలోనే జరుగుతుంది.

ఆయన మతం మారి చక్రవర్తి సైన్యంలో చేరిన దగ్గర్నుంచి పోపు గారి కొత్త పంచాంగం లెక్కే. మాకంటే పది రోజులు ముందు. మేము క్రిస్మస్‌కి బాతుని మేపుతూ ఉండగానే అక్కడ ఎముకలు కూడా మిగలవు. ఎవరికి రాసినా గుమాస్తాలు రెండు తేదీలూ వేస్తారు, పైన పాత లెక్క, కింద కొత్త లెక్క, మధ్యన గీత.

ప్రభువుగారికి ఇదంతా చెప్పాను. "అయితే బాబాయికి మనకి రేపు ఏం జరుగుతుందో తెలుసా?" అన్నారు.

"తెలీదు."

"మరి ముందుకెళ్ళి ఏం లాభం?"

పోపు గారిని ఎవరైనా ఈ ప్రశ్న అడగాలి.

ఉత్తరంలో సంగతి ఇది. ఊరి జనమంతా కొత్త ప్రభువుకి ఒట్టు పెట్టే వేడుక అక్టోబరు 15న, మా లెక్కలో. చాన్సలర్ గారితో పాటు బాబాయి కూడా ప్రభువుకి సంరక్షకుడు, ఆయన తర్వాత వారసుడు కూడా. కాబట్టి ఆయన ఎదుట పెట్టకపోతే ఒట్టు చెల్లదు. ఒట్టు పడకపోతే మా ప్రభువు ఉత్తుత్తి ప్రభువే, పక్క సంస్థానాల వాళ్ళు ఎవరైనా వచ్చి సరిహద్దు రాళ్ళు జరుపుకోవచ్చు. బాబాయి వస్తానంటున్నారు.

సెప్టెంబరు 20

దగ్గు. ఏం లేదు, గాలి మారింది.

సెప్టెంబరు 24

దగ్గు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను. పొగ వల్లే అయి ఉంటుంది.

సెప్టెంబరు 28

వైద్యుడు హేగెలిన్ గాజు సీసాలో ప్రభువుగారి మూత్రం పోసి, కిటికీ దగ్గర ఎత్తిపట్టి, సారాయి వ్యాపారిలా అటూ ఇటూ తిప్పి చూశాడు. నెత్తురు తీయాలన్నాడు. పంచాంగం ప్రకారం రేపు మంచి రోజట, ఎర్ర గుర్తు ఉంటుందట.

పట్టుమని ముప్ఫై పౌండ్ల బరువు లేని పిల్లాడి ఒంట్లోంచి ఏం తీస్తావయ్యా? అతనికి చూపు ఆనదు, పంచాంగం నా చేతే చదివిస్తాడు. నేను లోపలికెళ్ళి ఎర్ర గుర్తు మీద నల్ల సిరా పూసి తెచ్చి, ముక్కు దగ్గర పెట్టి చూపించాను. "అరెరే, చెడ్డ రోజే. బతికించావమ్మా," అన్నాడు. మా ఆయన పైనుంచి చూస్తుంటే మూడు ప్రసంగాలు చెప్పి ఉండేవారు.

నాకు సిరా ఉన్నంతకాలం ఈయన నెత్తురు ఎవరూ తీయలేరు.

అక్టోబరు 5

చాన్సలర్ గారితో పోట్లాట.

"పదిహేనో తారీఖున మూడు వందల మందికి చెయ్యి అందించాలి, అదీ బజారులో, ఆరుబయట. దగ్గుతున్న పిల్లాడండీ," అన్నాను.

"ప్రభువు, అమ్మా. పిల్లాడు కాదు."

"దగ్గు మాత్రం పిల్లాడిదే. రెండు వారాలు ఆపండి. నా ప్రాణం పెట్టి నయం చేస్తాను."

ఆయన కాలు ముక్కాలి పీట మీద పెట్టుకుని చాలాసేపు మూలిగారు. ఆయనకీ ప్రభువుగారంటే ఇష్టమే, బల్ల కిందికి దూరిన మనిషి కదా. చివరికి, "నవంబరు ఒకటి. అంతకంటే వీల్లేదు," అన్నారు. "కానీ ఉత్తరాలు మళ్ళీ రాయాలి. తోబియాస్‌కి గోరుచుట్టు, కలం పట్టలేకపోతున్నాడు. నువ్వే రాసి పెట్టాలి. నీ దస్తూరీ బాగుంటుంది."

బాగుంటుంది మరి.

అక్టోబరు 6

ఉత్తరాలు పూర్తి చేశాను. బాబాయికి రాసినది అన్నిటికంటే బాగా కుదిరింది. తోబియాస్ చిత్తుప్రతిలో తేదీ ఒకటి పైన, పదకొండు కింద, మధ్యన గీత, కూలిన నిచ్చెనలా ఉంది. అంత చక్కటి కాగితం మీద అదేం వికారం? పైగా మా ఇంటి వేడుకకి పోపు గారి అనుమతి ఎందుకట? నవంబరు 1 అని మాత్రమే రాశాను. 'ఎన్' అక్షరానికి తోక కూడా పెట్టాను. చాన్సలర్ గారు కళ్ళద్దాలు లేకుండానే సంతకం చేసి, ముత్యాల్లా ఉన్నాయమ్మా అన్నారు.

అక్టోబరు 10

దగ్గు తగ్గింది.

అక్టోబరు 13

దగ్గు తగ్గింది. రాత్రి మాత్రం కొంచెం.

అక్టోబరు 17

దగ్గు తగ్గింది. నిన్నటికంటే ఎక్కువే, కానీ మొత్తం మీద తగ్గింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి, అది ఆరోగ్యం. తోబియాస్ కట్టు కట్టిన వేలితోనే కాగితం పడవలు చేసి ఇస్తున్నాడు. ఇద్దరూ తొట్టిలో యుద్ధం చేస్తున్నారు. తోబియాస్ ఎప్పుడూ ఓడిపోవాలి, అది ఆజ్ఞ. ఇంకా పదిహేను రోజులుంది. తేనె, సేజ్ ఆకు కషాయం, బాతుకొవ్వు. చాలు, లేచి తిరుగుతారు.

అక్టోబరు 21

మధ్యాహ్నం కోటలో బాకా మోగింది. కాసిమిర్ బాబాయి, వెంట పాతిక మంది గుర్రపు రౌతులు.

ఆయన లెక్కలో రేపే నవంబరు ఒకటి.

ఊళ్ళో వేదిక లేదు, వంట లేదు, సగం మంది తోటల్లో ఉన్నారు. బాబాయి మెట్ల మీదే అరిచారు. "ఉత్తరంలో ఒకటి అని రాసి పిలిచింది మీరు! ఎల్లుండి నా దళం హంగేరీకి కదలాలి. రేపు పెట్టించండి ఒట్టు. లేదంటే వచ్చే ఏడాది, అప్పటికి నేను బతికుంటే."

చాన్సలర్ గారి ముఖం పాలిపోయింది. రేపే అన్నారు.

"ప్రభువుగారికి ఒళ్ళు వెచ్చగా ఉందండీ," అన్నాను. నా మాట ఎవరూ వినలేదు. నేను కూడా గట్టిగా అనలేదేమో.

తేదీ తప్పు రాసింది తోబియాస్ అట.

అక్టోబరు 22

వాన. ఒట్టు అయింది.

రాత్రికి రాత్రి బజారులో పలకలు కొట్టి, ఎర్ర గుడ్డ పరిచి, పైన పందిరి వేశారు. పందిరి కారుతోంది. ప్రభువుగారికి నాలుగు చొక్కాలు తొడిగి, పైన నల్ల వెల్వెట్టు కోటు వేశాను. గుండ్రంగా, చేతులు రెండూ పక్కలకి చాపుకుని, కదలలేక నిలబడ్డారు. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. ఆయనా నవ్వారు, దగ్గొచ్చేదాకా.

ఊరంతా మూడు వేళ్ళు పైకెత్తి ఒట్టు చదివింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలపాలి. మూడు వందల పన్నెండు మంది. చాన్సలర్ గారి లెక్కలో అరగంట పని. మొదట వచ్చింది రొట్టెలవాడు. చెయ్యి ముట్టుకుని తప్పుకోబోయాడు. ప్రభువుగారు వదల్లేదు.

"నీ పేరేంటి?"

"బార్టెల్ అండి, ప్రభూ."

"మీ ఇంట్లో కుక్క ఉందా?"

"పిల్లి ఉందండి."

"సరే. పిల్లిని అడిగానని చెప్పు."

రెండో మనిషినీ అడిగారు. మూడో మనిషినీ. బాబాయి మీసం కొరుక్కుంటున్నారు. చాన్సలర్ గారు, "ప్రభూ, కొంచెం త్వరగా," అని గొణిగారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని కోటు సర్దుతున్నట్టు నటిస్తూ, "చాలు బాబూ. చేతులు మంచులా ఉన్నాయి. ఊరికే తాకి పంపెయ్," అన్నాను.

"వాళ్ళు నాకు ఒట్టు పెడుతున్నారు కదా ప్లోనా," అన్నారు. అపొల్లోనియా అనడానికి ఆయనకి నోరు తిరగదు. "నేను పేరైనా అడగొద్దా?"

ప్రభువు కదిలేదాకా ఎవరూ కదలకూడదు. మూడు గంటలు. మూడు వందల పన్నెండు పేర్లు. ఎవరూ గొణగలేదు. చెప్పులు కుట్టేవాడు ఒకడు తన పేరు చెప్పి, పక్కకెళ్ళి ఏడుస్తున్నాడు. ఎందుకయ్యా అంటే, ఇంతకుముందు ప్రభువులు ఎవరూ అడగలేదు అన్నాడు.

కోటలోకి నేనే మోసుకొచ్చాను. వెల్వెట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. "ఎన్ని కుక్కలో తెలుసా? నూటనాలుగు," అన్నాడు వాడు.

అక్టోబరు 23

జ్వరం. బాబాయి పొద్దున్నే వెళ్ళిపోయారు. వెళ్తూ తలుపు దగ్గర నిలబడి చూశారు. ఆయన చెడ్డవాడేం కాదు. చెడ్డవాడై ఉంటే నాకు చాలా తేలికగా ఉండేది.

తోబియాస్‌ని పనిలోంచి తీసేశారు. చిత్తుప్రతి చూపిస్తానని వెతికాడట, దొరకలేదట. అది నా పెట్టెలో ఉంది. ఆ ఉత్తరం రాసింది ఎవరో చాన్సలర్ గారికి గుర్తు రాలేదా, రానిచ్చుకోలేదా, నేను అడగలేదు.

అక్టోబరు 24

హేగెలిన్ వచ్చాడు. నెత్తురు తీస్తానంటే ఈసారి అడ్డు చెప్పలేకపోయాను. ఏది మంచి రోజో నాకేం తెలుసు.

అక్టోబరు 25

అదే జ్వరం.

అక్టోబరు 26

బీరులో రొట్టె వేసి కాచిన చారు రెండు చెంచాలు తాగాడు. తగ్గుతోంది. తప్పకుండా తగ్గుతోంది.

అక్టోబరు 27

మధ్యాహ్నం తెలివిగా ఉన్నాడు. కిటికీలోంచి కాస్త వెలుతురు పడుతోంది.

"ప్లోనా, తోబియాస్ ఎందుకు రావట్లేదు? పడవలు చెయ్యాలి."

"పని పోయింది బాబూ."

"ఎందుకు?"

"తేదీ తప్పు రాశాడని."

"రాశాడా?"

ఈ పిల్లాడు అడిగే ప్రశ్నలకి ఒక గుణముంది, వాటికి జవాబు చెప్పడం తప్ప వేరే దారి ఉండదు. "లేదు. నేను రాశాను," అన్నాను.

దుప్పటి పక్కకి తోశాడు. తర్వాత, "నన్ను కూర్చోబెట్టు," అన్నాడు. దిళ్ళు పెట్టి కూర్చోబెట్టాను. "టోపీ," అన్నాడు. పెట్టాను. నేను పక్కనే మంచం పట్టె మీద కూర్చోబోతే, "నిలబడు. ఇది కొలువు," అన్నాడు. నిలబడ్డాను. చేతులు కట్టుకున్నాను కూడా.

"కావాలని రాశావా?"

"లేదు. ఒకే అంకె అయితే అందంగా ఉంటుందని."

"అందంగా ఉందా?"

"ఉంది."

"బాబాయి వచ్చినప్పుడు చెప్పాల్సింది కదా."

"భయమేసింది."

"నేనంటేనా?"

"కాదు. నన్ను నీ దగ్గర్నుంచి పంపేస్తారని. తప్పు నాది. వానలో నిన్ను నిలబెట్టింది నేనే. బాబాయి కాదు, తోబియాస్ కాదు."

ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను దగ్గరికి వెళ్ళబోయాను. చెయ్యెత్తి ఆపాడు. ఐదేళ్ళ పిల్లాడి చెయ్యి. ఆగిపోయాను.

"తోబియాస్‌ని రమ్మను. అది ఇప్పుడే చెప్పేస్తున్నా," అన్నాడు. "నీది ఆలోచించి రేపు చెబుతా."

"ఇప్పుడే చెప్పు నాయనా. ఏ శిక్షైనా సరే. తిట్టు పోనీ."

"ఊహూ. నీది పెద్దది."

టోపీ తీసి పడుకోబెట్టాను. కళ్ళు మూసుకుని, కనుబొమలు ముడిచి పడుకున్నాడు. కుక్క కేసప్పుడూ అలాగే పడుకున్నాడు. నిజంగానే ఆలోచిస్తున్నాడు.

అక్టోబరు 28

ఉదయం ఏడు గంటలప్పుడు. ఏమీ చెప్పలేదు.

అక్టోబరు 29

వాన.

నవంబరు 1

ఎండ కాసింది. రోజంతా కాసింది.

నవంబరు 5

పూడ్చిపెట్టారు. పెట్టె మీది రేకులో బిరుదులు పట్టలేదు. పన్నెండు బిరుదులు, పెట్టె ఏమో మూడున్నర అడుగులు. కంసాలి వచ్చి ఏది తీసేయమంటారని అడిగితే కొలువు వారు రెండు గంటలు చర్చించి, ఏదీ తీయొద్దు, అక్షరాలు చిన్నవి చెయ్యి అన్నారు. ఇప్పుడు ఎవరికీ కనబడదు, చీమలు చదువుకోవాలి.

పాస్టరు గారు గంటన్నర మాట్లాడారు. చిన్నవాడు రాజ్యపాలనలో ఎంతో జ్ఞానం చూపాడన్నారు. టోపీలో బాతు పొదిగిన సంగతి చెప్పలేదు. రొట్టెల బార్టెల్ వచ్చాడు. చెప్పులు కుట్టేవాడు వచ్చాడు. మూడు వందల పన్నెండు మందీ వచ్చి ఉంటారు. సగం మంది కుక్కల్ని కూడా తెచ్చారు. వద్దని ఎవరూ అనలేదు.

నేను ఏడవలేదు. ఇంటికొచ్చి నాలుగు చొక్కాలు మడతపెట్టాను. అప్పుడు ఏడ్చాను. అరిచి ఏడ్చాను.

నవంబరు 9

కాసిమిర్ ప్రభువు హంగేరీ దారిలోంచి వెనక్కి వచ్చారు. ఇప్పుడు సంస్థానం ఆయనదే. ఊరు 'లూడోల్ఫ్‌కీ, ఆయన వారసులకీ' అని ఒట్టు పెట్టింది కాబట్టి మళ్ళీ ఒట్టు అక్కర్లేదట.

చిత్తుప్రతి పట్టుకుని కొలువుకి వెళ్ళాను. కొత్త ప్రభువు కూర్చునే ఉన్నారు, కాబట్టి అందరూ హాయిగా కూర్చుని ఉన్నారు.

"తోబియాస్ రెండు తేదీలూ రాశాడు ప్రభూ. ఒకటి కొట్టేసి పంపింది నేను. తమరు మెట్ల మీద అడిగిన రోజు అక్కడే ఉండి కూడా నోరు విప్పలేదు. తోబియాస్‌ని పనిలోకి తీసుకోవాలని చిన్న ప్రభువు గారు ఇరవై ఏడో తారీఖున ఆజ్ఞ ఇచ్చారు. అది చెప్పడానికి వచ్చాను."

చాన్సలర్ గారు తల వంచుకున్నారు. కొత్త ప్రభువు కాగితం చూశారు, నన్ను చూశారు.

"ఆ కుర్రాడు ఇచ్చిన ఆజ్ఞ చెల్లుతుంది. తోబియాస్‌ని రమ్మనండి," అన్నారు. తర్వాత మెత్తగా, "అమ్మా, అపొల్లోనియా. ఆరోజు తొందరపెట్టింది నేనే. ఇందులో నా పాలూ ఉంది. నిన్ను క్షమించేశాను. దీన్ని మర్చిపో. మీ చెల్లెలు పొరుగూళ్ళో ఉందన్నారు, బండి ఇప్పిస్తాను, అక్కడికెళ్ళి విశ్రాంతిగా ఉండు," అన్నారు.

మంచిమాటే. ఇంకెవరైనా అయితే కాళ్ళ మీద పడేవాళ్ళు.

"తమరు క్షమించడానికి వీల్లేదు ప్రభూ," అన్నాను.

కొలువంతా నా వైపు తిరిగింది. "ఏమ్మా?" అన్నారు చాన్సలర్ గారు భయంగా.

"ఈ కేసు నేను ముందే పెట్టేసుకున్నాను. తమరికి ముందున్న ప్రభువు గారు విన్నారు. ఆలోచించి చెబుతానన్నారు."

చాన్సలర్ గారు ముప్ఫై ఏళ్ళుగా ఊరి మీదకి వదిలిన మాట అది.

"ఎప్పుడు చెబుతానన్నాడు?" అని అడిగారు కాసిమిర్ ప్రభువు.

"రేపు."

ఆయన లేచి నిలబడ్డారు. ఆచారం కదా, అందరూ లేచారు. నేను తలుపు దాటేదాకా ఎవరూ కూర్చోలేదు.

చెల్లెలికి రావట్లేదని కబురు పంపాను. విచారణలో ఉన్న మనిషి ఊరు దాటకూడదు.